రెండు ఇళ్ల మధ్య ఒక ఊపిరి

పాడైపోయిన ఊపిరితిత్తులను తీసేసి వేరొకరివి అమర్చే శస్త్రచికిత్స మన హైదరాబాద్‌లోనే జరుగుతోంది. అయినా ఎంతోమంది ఆ ఆసుపత్రి గడప దాకా చేరకుండానే వెళ్లిపోతున్నారు. ఎందుకంటే... ఈ చికిత్స ఆపరేషన్ థియేటర్లో మొదలవదు. రెండు ఇళ్లలో మొదలవుతుంది!

పెళ్లి పనులు ముగిస్తే ‘హమ్మయ్య, ఇప్పటికి ఊపిరి పీల్చుకున్నాం’ అంటాం. పని ఎక్కువైతే ‘ఊపిరి సలపడం లేదు’ అంటాం. మాటవరసకు అనే ఈ మాటలు కొన్ని ఇళ్లలో అక్షరాలా నిజం. స్నానం చేసొచ్చి తల తుడుచుకునేలోపు రెండుసార్లు కూర్చోవాలి. నాలుగు ముద్దలు తినేసరికి ఆయాసం. ఒక వాక్యం పూర్తి చేయాలంటే మధ్యలో ఆగి గాలి అందుకోవాలి. మంచం పక్కన ఆక్సిజన్ మిషన్ రాత్రంతా గుర్రుమంటూనే ఉంటుంది. కరెంటు పోయిందంటే ఇంటిల్లిపాదికీ గుండె ఆగినంత పనవుతుంది.

మందులతో ఇక లాభం లేదన్న దశకు చేరిన ఇలాంటి వారికి మిగిలిన దారి ఊపిరితిత్తుల మార్పిడి. కిడ్నీ మార్పిడి గురించి దాదాపు అందరూ వినే ఉంటారు. కాలేయం, గుండె మార్పిడి గురించీ పత్రికల్లో చదువుతుంటాం. ఊపిరితిత్తులనూ మార్చవచ్చని మాత్రం కరోనా వచ్చేదాకా చాలామందికి తెలియదు.

శామీర్‌పేట దారిలో...

సికింద్రాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద పాతిక కిలోమీటర్లు వెళ్తే శామీర్‌పేట. నిజాం కాలం నాటి చెరువు, జింకల పార్కు, నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం, కొవాగ్జిన్ టీకా తయారైన జీనోమ్ వ్యాలీ... అన్నీ ఆ చుట్టుపక్కలే. ఒకప్పుడు ద్రాక్షతోటలకు పేరుపడ్డ ఈ ప్రాంతం మీదుగా ఇప్పుడు ఔటర్ రింగ్‌రోడ్డు వెళ్తోంది. ఒకపక్క పరిశోధనశాలలు, ఇంకోపక్క రాతి క్వారీలు, వాటి మధ్య ఆగకుండా పరుగెత్తే లారీలు.

ఇలాంటి ఊళ్లలో రెండు ఇళ్లను ఊహించుకుందాం.

మొదటి ఇంట్లో యాభై రెండేళ్ల పెద్దమనిషి. క్రషర్ దగ్గర పనిచేశాడు. ‘మెట్లెక్కుతుంటే దమ్మొస్తంది’ అని మొదటిసారి అన్నప్పుడు ఇంట్లోవాళ్లు ‘బీడీలు బందు జేయ్, అదే పోతది’ అన్నారు. ఊళ్లో డాక్టరు దగ్గుమందు రాసిచ్చాడు. తగ్గలేదు. తెమడలో క్రిములు కనబడకపోయినా క్షయ కావచ్చని ఆరు నెలలు టీబీ మాత్రలు వాడారు. ఇంకో ఏడాది ఇన్‌హేలర్లతో గడిచింది. చివరికి సీటీ స్కాన్ తీస్తే తేలింది... ఊపిరితిత్తులు గట్టిపడిపోయాయని. ‘మార్పిడి’ అన్న మాట ఆ కుటుంబం చెవిన పడేనాటికి ఆయన మంచం దిగి స్నానాలగది దాకా నడవలేని స్థితిలో ఉన్నాడు.

రెండో ఇంట్లో ఇరవై ఆరేళ్ల కుర్రాడు. రాత్రి డ్యూటీ ముగించుకుని బైకు మీద ఇంటికి బయల్దేరాడు. హెల్మెట్ ఉంది... తల మీద కాదు, పెట్రోలు ట్యాంకు మీద.

ఈ రెండు ఇళ్లకూ ముఖపరిచయం లేదు. రేపు ఉండబోదు కూడా, దాత వివరాలు గ్రహీతకు చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు. అయినా ఊపిరితిత్తుల మార్పిడి జరగాలంటే ఈ రెండు ఇళ్లూ చెరో నిర్ణయం తీసుకోవాలి. మొదటి ఇల్లు వేళకు అడగాలి. రెండో ఇల్లు వేళకు ఒప్పుకోవాలి. సర్జన్ కత్తి పట్టేది ఆ తర్వాతే.

గాలి బుడగలు గట్టిపడితే

మన ఊపిరితిత్తుల్లో దాదాపు 30 కోట్ల నుంచి 50 కోట్ల గాలి గదులుంటాయి. రోజుకు సుమారు 20 వేల సార్లు మనం గాలి పీల్చి వదులుతాం. గాలి గది గోడ ఎంత పల్చగా ఉంటే ప్రాణవాయువు అంత తేలిగ్గా నెత్తుటిలోకి వెళ్తుంది.

ఆ గోడలు చిరిగిపోయి గదులన్నీ కలిసిపోతే, గొట్టాలు వాచి బిగుసుకుపోతే అది సీఓపీడీ. పొగతాగేవారికే వస్తుందనుకుంటాం. కట్టెలపొయ్యి ముందు కూర్చుని ఊదురుగొట్టంతో మంట ఊదుతూ జీవితం గడిపిన ఆడవాళ్లకూ వస్తుంది. గోడలు మందమైపోయి, ఊపిరితిత్తి ఎండిన స్పాంజిలా గట్టిపడితే ఆ జబ్బుల కుటుంబాన్ని ఐఎల్‌డీ అంటారు. మన దేశంలో మార్పిడి దాకా వచ్చేవారిలో ఎక్కువమంది ఈ కోవలోని వారే. రాతి పొడి ఏళ్ల తరబడి లోపలికి పోతే వచ్చే సిలికోసిస్, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో పీడనం విపరీతంగా పెరిగిపోవడం, పదేపదే ఇన్‌ఫెక్షన్లతో గొట్టాలు సాగిపోయే బ్రాంకియెక్టాసిస్, పుట్టుకతో వచ్చే సిస్టిక్ ఫైబ్రోసిస్... ఇవన్నీ ముదిరితే చివరికి చేరేది ఒకచోటికే.

ఒక సంగతి మన ఇళ్లకు బాగా దగ్గరిది. దేశంలోని 19 నగరాల్లో, 27 ఆసుపత్రుల్లో 1,084 మంది ఐఎల్‌డీ రోగులను నమోదుచేసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు సగం మందిది ‘హైపర్ సెన్సిటివిటీ న్యుమోనైటిస్’ అని తేలింది. అంటే గాల్లోని బూజు, పక్షుల రెట్టల ధూళి లాంటివి పడక ఊపిరితిత్తులు వాచి, కాలక్రమంలో గట్టిపడిపోవడం. అలాంటి వారిలో సుమారు సగం మందికి సంబంధం కనిపించింది దేనితోనో తెలుసా? ఎయిర్ కూలర్‌తో! ఏడాదంతా అటక మీద ఉండి, ఎండాకాలం రాగానే కిందికి దిగే కూలర్‌లో బూజుపట్టిన గడ్డి, నిలవ నీళ్లు ఉంటే అది చల్లగాలితో పాటు జబ్బునూ పంచుతుంది. బాల్కనీలో పావురాలకు గింజలు వేసేవారికీ ఇదే హెచ్చరిక. కారణాన్ని తొలినాళ్లలోనే పట్టుకుని దూరం చేస్తే చాలామందికి మార్పిడి అవసరమే రాదు.

దీపం ఉండగానే...

‘మరీ ముదిరినప్పుడు చూద్దాంలే’ అనుకోవడం ఈ చికిత్సలో జరిగే అతి పెద్ద పొరపాటు. మార్పిడికి ఒక కిటికీ ఉంటుంది. ఊపిరితిత్తులు మరీ బాగున్నప్పుడు చేయరు, ఎందుకంటే ఆపరేషన్‌లోనే ప్రమాదం ఎక్కువ. శరీరం పూర్తిగా నీరసించిపోయాకా చేయరు, ఎందుకంటే అంత పెద్ద శస్త్రచికిత్సను ఆ మనిషి తట్టుకోలేడు. ఈ రెంటికీ మధ్య ఉన్న కాలమే ఆ కిటికీ. కొందరికది రెండేళ్లుండొచ్చు. కొందరికి కొన్ని నెలలే.

కారణం తెలియకుండా ఊపిరితిత్తులు గట్టిపడే ఐపీఎఫ్ అనే జబ్బునే తీసుకోండి. గుర్తించిన తర్వాత సగటున మూడు నుంచి ఐదేళ్లే బతుకుతారన్నది చాలాకాలంగా వైద్యులు చెబుతున్న లెక్క. పిర్ఫెనిడోన్, నింటెడానిబ్ అనే మందులు జబ్బు వేగాన్ని తగ్గిస్తాయి. గట్టిపడిన భాగాన్ని మళ్లీ మెత్తగా చేయలేవు. అందుకే ఇలాంటి జబ్బు బయటపడగానే ఒకసారి మార్పిడి నిపుణులకు చూపించమని 2021లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. చూపించడమంటే ఆపరేషన్‌కు ఒప్పుకోవడం కాదు. పేరు రాయించుకునే వేళ ఎప్పుడొస్తుందో ముందే తెలుసుకోవడం... అంతే.

నడుస్తుంటే ఆక్సిజన్ అవసరమవడం, ఊపిరితిత్తుల సామర్థ్యం ఆరు నెలల్లోనే గబగబా పడిపోవడం, సీఓపీడీ ఉన్నవారు పదేపదే ఆసుపత్రిలో చేరాల్సి రావడం... ఇవన్నీ ‘ఇంక ఆలస్యం చేయొద్దు’ అని శరీరం చెప్పే మాటలు.

మార్పిడి కేంద్రంలో పరీక్షలు చాలానే ఉంటాయి. ఊది చూపించే పరీక్ష, ఆరు నిమిషాల్లో ఎన్ని మీటర్లు నడవగలరో చూసే పరీక్ష, గుండె రక్తనాళాల పరీక్ష, కిడ్నీలు, కాలేయం పనితీరు, దాగి ఉన్న క్షయ, క్యాన్సర్ ఏమైనా ఉన్నాయా అన్న వెతుకులాట, దంతాలు, మానసిక స్థైర్యం... ఆఖరికి ఇంట్లో ఎవరు దగ్గరుండి చూసుకుంటారన్నదీ అడుగుతారు. క్యాన్సర్ ఉన్నా, క్షయ లాంటి ఇన్‌ఫెక్షన్ అదుపులో లేకపోయినా, మిగతా అవయవాలు బాగా దెబ్బతిన్నా మార్పిడి కుదరదు. పొగతాగడం మానేసి కనీసం ఆరు నెలలన్నా గడవాలి. వయసు డెబ్భైకి చేరువైన కొద్దీ ఆచితూచి నిర్ణయిస్తారు. అన్నిటికన్నా ముఖ్యం కండ బలం. పేరు నమోదైన రోజు నుంచీ ఆక్సిజన్ పెట్టుకునైనా సరే రోజూ నడిపిస్తారు. మంచం పట్టినవారికంటే నడుస్తూ థియేటర్‌కు వెళ్లినవారు త్వరగా కోలుకుంటారు. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవడమంటే ఇదే!

పద్దెనిమిది రోజుల నుంచి...

మనిషికి తొలిసారి ఊపిరితిత్తి మార్చింది 1963 జూన్ 11న. అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో డాక్టర్ జేమ్స్ హార్డీ ఆ సాహసం చేశారు. రోగి 18 రోజులు బతికాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ల పాటు ఎందరు ప్రయత్నించినా ఫలితం దాదాపు అంతే. కొత్త ఊపిరితిత్తిని శరీరం తిరస్కరించేది. లేదంటే గాలిగొట్టం అతికిన చోట ఊడిపోయేది. 1983లో కెనడాలోని టొరంటో జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ జోయెల్ కూపర్ బృందం ఒక ఊపిరితిత్తిని మార్చిన రోగి ఆరేళ్లకు పైగా బతికాడు. అప్పుడే వాడకంలోకి వచ్చిన సైక్లోస్పోరిన్ అనే మందు తిరస్కరణను అదుపుచేయడం అందుకు పెద్ద ఆసరా అయింది. 1986లో అదే బృందం రెండు ఊపిరితిత్తులనూ కలిపి మార్చి విజయం సాధించింది.

మన దగ్గర ఈ చికిత్స ఇంటింటా చర్చకు వచ్చింది కరోనా కాలంలో. 2020 సెప్టెంబరులో సికింద్రాబాద్ కిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సందీప్ అత్తావర్ బృందం చండీగఢ్‌కు చెందిన 32 ఏళ్ల రోగికి రెండు ఊపిరితిత్తులనూ మార్చింది. సార్కాయిడోసిస్ అనే జబ్బుతో ఊపిరితిత్తులు దెబ్బతిని దాత కోసం ఎదురుచూస్తుండగానే ఆయనకు కరోనా సోకింది. ఊపిరితిత్తులు దొరికింది ఎక్కడో కోల్‌కతాలో! అక్కడ జీవన్మృతుడైన ఒక వ్యక్తి కుటుంబం ఒప్పుకోవడంతో విమానంలో తెచ్చి అమర్చారు. కరోనా రోగులకు దేశంలో జరిగిన తొలి జంట మార్పిడుల్లో అదొకటి.

ఆ మరుసటి ఏడాది అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఇంకో కథ. అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యాధికారి కరోనా రోగులకు సేవచేస్తూ తానే ఆ జబ్బు బారిన పడ్డారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నాయి. మార్పిడి తప్ప మార్గం లేదన్నారు. ఊరివాళ్లు చందాలు వేసుకున్నారు. ఆ మొత్తం సరిపోదని తెలిసి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఖర్చు భరించడానికి ముందుకొచ్చింది. హైదరాబాద్‌లో మార్పిడి జరిగి, ఆయన కోలుకున్నారు. తమకు వైద్యం చేసిన డాక్టరు కోసం ఊరు ఊరంతా కదలడం ఒక ఎత్తు, ఎవరో తెలియని దాత కుటుంబం ఇచ్చిన ఊపిరి ఒక ఎత్తు.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

ఇప్పుడు రెండో ఇంటి సంగతి. తలకు దెబ్బ తగిలిన కుర్రాడు ఐసీయూలో ఉన్నాడు. ఛాతీ లేచి పడుతోంది. ఒళ్లు వెచ్చగా ఉంది. మానిటర్‌లో గుండె గీత కదులుతోంది. అలాంటి సమయంలో డాక్టరు వచ్చి ‘మీ అబ్బాయి ఇక లేడు’ అంటే ఏ తల్లి నమ్ముతుంది?

నమ్మకపోవడం తప్పు కాదు. అర్థం కావలసిన విషయం ఒకటుంది. ఊపిరి తీయమని ఆదేశించేది మెదడు కాండం. అది పూర్తిగా చచ్చిపోతే మనిషి తనంతట తాను ఒక్క శ్వాస కూడా తీసుకోలేడు. ఛాతీ లేచి పడేది వెంటిలేటర్ నెట్టే గాలితో. కోమా వేరు, ఇది వేరు. కోమాలో ఉన్నవారి మెదడులో ప్రాణం ఉంటుంది. కొందరు తిరిగి లేస్తారు. మెదడు కాండం చనిపోయాక తిరిగి లేచినవారు లేరు. గుండె కూడా మరి కొన్ని గంటలో, రోజులో... అంతే.

ఇది ఒక డాక్టరు చెబితే సరిపోదు. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం పరీక్షించి ధ్రువీకరించాలి. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు చేయాలి. కంటిపాపలు వెలుగుకు స్పందిస్తున్నాయా, గొంతులో గొట్టం కదిపితే దగ్గు వస్తుందా అని చూస్తారు. వెంటిలేటర్‌ను కాసేపు ఆపి, నెత్తుట్లో బొగ్గుపులుసు వాయువు పెరిగినా సొంతంగా శ్వాస తీసుకునే ప్రయత్నం చేస్తున్నాడేమో గమనిస్తారు. అన్నింటికీ జవాబు ‘లేదు’ అని వచ్చాకే జీవన్మృతుడిగా ప్రకటిస్తారు.

అప్పుడు సమన్వయకర్త వచ్చి కుటుంబంతో మాట్లాడతారు. చనిపోయిన వ్యక్తి బతికుండగా దాత కార్డు తీసుకుని ఉన్నా సరే, మన దగ్గర దగ్గరి బంధువుల సంతకం లేకుండా ముందుకెళ్లరు. ఒప్పుకుంటే వివరాలు ‘జీవన్‌దాన్’కు చేరతాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2013లో పని మొదలుపెట్టిన ఈ ప్రభుత్వ పథకం హైదరాబాద్ పంజాగుట్టలోని నిమ్స్ కేంద్రంగా నడుస్తోంది. ఏ అవయవం ఎవరికన్నది ఆసుపత్రి ఇష్టం కాదు. నమోదు జాబితా, బ్లడ్ గ్రూపు, అవసరం తీవ్రత చూసి నిర్ణయిస్తారు.

ఈ విషయంలో మనవాళ్లు వెనకబడి లేరు. 2023లో దేశంలో మరణానంతర దాతల సంఖ్య తొలిసారి వెయ్యి దాటితే, అందులో 252 మంది తెలంగాణవారే. ఆ ఏడాది దేశంలో మొదటి స్థానం మనదే.

ఐదుగురిలో ఒకరివే

దాతలు దొరికినంత మాత్రాన ఊపిరితిత్తులు దొరికినట్టు కాదు. 2024లో దేశంలో మరణానంతర దాతలు 1,128 మంది. జరిగిన ఊపిరితిత్తుల మార్పిడులు 228 మాత్రమే. అంటే సుమారుగా ఐదుగురు దాతలకు ఒకటి. ఎందుకిలా? కిడ్నీలు, కాలేయం పొట్టలో భద్రంగా ఉంటాయి. ఊపిరితిత్తులు మాత్రం బయటి గాలితో నేరుగా కలిసి ఉంటాయి. ప్రమాదం జరిగినప్పుడు ఛాతీకి దెబ్బ తగలవచ్చు. స్పృహ తప్పినప్పుడు వాంతి లోపలికి పోవచ్చు. మెదడు దెబ్బతిన్న షాక్‌కే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. వెంటిలేటర్ మీద గడిచే ఒక్కోరోజూ ఇన్‌ఫెక్షన్ ముప్పు పెంచుతుంది. అందుకే కుటుంబం నిర్ణయానికి రావడంలో జరిగే ఆలస్యం మిగతా అవయవాలకన్నా ఊపిరితిత్తులకే ఎక్కువ చేటు.

దొరికినవి కూడా బ్లడ్ గ్రూపుతో పాటు కొలతలో సరిపోవాలి. ఆరడుగుల మనిషి ఊపిరితిత్తులు ఐదడుగుల స్త్రీ ఛాతీలో పట్టవు. ఇక తీసిన దగ్గర్నుంచీ గడియారంతో పరుగు. చల్లటి ద్రావణంలో ఉంచి ఆరు నుంచి ఎనిమిది గంటల్లో అమర్చేయాలన్నది చాలాకాలంగా పాటిస్తున్న లెక్క. శరీరం బయటే మిషన్‌కు కలిపి, గాలి నింపుతూ, లోపాలు సరిచేసి వాడే పద్ధతిని టొరంటో వైద్యులు 2011లో ప్రపంచానికి చూపించారు. పది డిగ్రీల చలిలో ఉంచితే ఇంకా ఎక్కువసేపు నిలుస్తున్నాయని ఇటీవలి పరిశోధనలు చెబుతున్నాయి.

ఇలాంటి పరుగులో హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల పాత్ర చిన్నది కాదు. శంషాబాద్ విమానాశ్రయం నుంచి సికింద్రాబాద్ ఆసుపత్రికి 36 కిలోమీటర్లకు పైగా దూరాన్ని ‘గ్రీన్ ఛానల్’ ఏర్పాటుచేసి అరగంటలోపే దాటించిన సందర్భాలున్నాయి. 2021 ఫిబ్రవరిలోనైతే ఒక గుండెను నాగోల్ నుంచి జూబ్లీహిల్స్‌కు మెట్రో రైల్లోనే తెచ్చారు. ఈసారి కూడలిలో పోలీసులు మన బండి ఆపేసి అంబులెన్స్‌ను వదిలితే విసుక్కోకండి. అందులో వెళ్తున్నది ఎవరింటి ఊపిరో!

మూడు చోట్ల అతుకు

థియేటర్‌లో పని ఆరు నుంచి పన్నెండు గంటలు. సీఓపీడీ, ఐఎల్‌డీ ఉన్న కొందరికి ఒక ఊపిరితిత్తి సరిపోతుంది. ఇన్‌ఫెక్షన్ ఉన్నవాళ్లకు రెండూ మార్చాల్సిందే, లేకపోతే మిగిలిన పాతది కొత్తదాన్ని పాడుచేస్తుంది. ఒక్కో వైపు మూడు అతుకులు... గాలిగొట్టం ఒకటి, గుండె నుంచి వచ్చే రక్తనాళం ఒకటి, తిరిగి గుండెకు వెళ్లే సిరల మూట ఒకటి. ఆ సమయంలో ప్రాణవాయువు అందించే పని అవసరమైతే ఎక్మో మిషన్ చూసుకుంటుంది.

కొత్త ఊపిరితిత్తికి పాత నరాలు అతకవు. అందుకే లోపల తెమడ చేరినా దగ్గు దానంతటదే రాదు. గుర్తుపెట్టుకుని మరీ దగ్గాలి! ఫిజియోథెరపిస్టు దగ్గరుండి నేర్పిస్తారు.

కొత్త ఊపిరికి కొత్త నియమాలు

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. మార్పిడితో జబ్బు మాయమైపోయి మనిషి పాత జీవితానికి వెళ్లిపోడు. ప్రాణం తీసే జబ్బు పోయి, జీవితాంతం కనిపెట్టుకుని ఉండాల్సిన పరిస్థితి వస్తుంది. శరీరం కొత్త అవయవాన్ని తిరస్కరించకుండా టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టిరాయిడ్ లాంటి మందులు జీవితాంతం వేసుకోవాలి. గంట అటూ ఇటూ అయితే ఒప్పుకోదు. ఇవి రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. దాంతో మామూలు జలుబు కూడా పెద్ద గండమే.

అందుకే నియమాలు. గుంపులోకి వెళ్తే మాస్కు. కాచి చల్లార్చిన నీళ్లు. పచ్చిపాలు, రోడ్డు పక్క కోసి పెట్టిన పండ్లు వద్దు. పంపరపనస తినకూడదు, మందు మోతాదును నెత్తుట్లో ప్రమాదకరంగా పెంచేస్తుంది. బూజు పట్టిన గడ్డి, తవ్విన మట్టి, కట్టడాల దుమ్ము, పావురాలకు దూరం. రోజూ ఇంట్లోనే చిన్న మిషన్‌లో ఊది అంకె రాసుకోవాలి. అది పది శాతం తగ్గితే ‘రేపు చూద్దాం’ అనకుండా డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఫలితాలెలా ఉన్నాయి? అంతర్జాతీయ రిజిస్ట్రీ లెక్కల ప్రకారం మార్పిడి జరిగిన వారిలో ఏడాది తర్వాత సుమారు 85 శాతం మంది, ఐదేళ్ల తర్వాత సగానికి కాస్త పైగా బతికి ఉంటున్నారు. ఐదేళ్లు గడిచేసరికి దాదాపు సగం మందిలో నెమ్మదిగా సాగే తిరస్కరణ మొదలవుతోంది. కిడ్నీ, కాలేయం మార్పిడితో పోలిస్తే ఇవి తక్కువే. ఆక్సిజన్ గొట్టంతో నెలలు లెక్కపెట్టుకునే మనిషికి మాత్రం ఆ ఐదేళ్లు చాలా పెద్దవి. కూతురి పెళ్లిలో కాళ్లు కడగడానికి, మనవడి వెంట చెరువుగట్టు దాకా నడవడానికి అవి సరిపోతాయి.

ఖర్చు మాటేమిటి?

కార్పొరేట్ ఆసుపత్రిలో మార్పిడి ఖర్చు పాతిక లక్షలు దాటడం మామూలే. ముందు ఎక్మో మీద వారాలు గడిస్తే అది ఎంతకు పోతుందో కారంచేడు డాక్టరు ఉదంతమే చెబుతుంది. ఆ తర్వాత మందులు, పరీక్షలకు నెలనెలా ఖర్చు తప్పదు. కాబట్టి డబ్బు లెక్క కూడా ఆఖరి నిమిషంలో వేసేది కాదు. బీమా పాలసీలో అవయవమార్పిడికి ఎంత వస్తుంది, ఆరోగ్యశ్రీ సహాయకేంద్రంలో ఏం చెబుతున్నారు, ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు ఎలా... ఇవన్నీ మనిషి నడుస్తుండగానే కనుక్కోవాలి. తొలి పరీక్షల కోసం పెద్ద ఆసుపత్రికే పరుగెత్తనక్కర్లేదు. ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రిలోనూ, నిమ్స్‌లోనూ ఊపిరితిత్తుల నిపుణులున్నారు.

ఈ ఆదివారం ఇంట్లో...

రెండు వారాలకు మించి దగ్గు, మెట్లెక్కితే ఆయాసం ఉన్నవారు ఇంట్లో ఉంటే ‘వయసు’ అని సరిపెట్టకండి. క్షయ పరీక్షతో పాటు ఊది చూపించే పరీక్ష కూడా చేయమని అడగండి. టీబీ క్రిమి కనబడకుండానే టీబీ మందులు రాస్తే ఎందుకని అడగడం తప్పు కాదు.

కూలర్ దించే ముందు గడ్డి మార్చండి, తొట్టి కడిగి ఆరబెట్టండి. కట్టెలపొయ్యి తప్పకపోతే ఆరుబయట పెట్టుకోండి. క్రషర్, క్వారీ పనికి వెళ్లేవారు ముక్కుకు తువ్వాలు కట్టుకుంటే చాలదు. సన్నటి రాతి పొడి గుడ్డలోంచి దూరిపోతుంది. ధూళిని ఆపే మాస్కు ఇవ్వమని, రాయి మీద నీళ్లు చల్లించమని యజమానిని అడగాలి.

ఐఎల్‌డీ లేదా ముదిరిన సీఓపీడీ అని ఇప్పటికే తేలి ఉంటే వచ్చేసారి డాక్టరును ఒకే ప్రశ్న వేయండి... ‘మార్పిడి నిపుణులకు ఎప్పుడు చూపించాలి?’ వయసు, ఇతర జబ్బుల వల్ల కుదరదని ఆయన చెప్పినా నష్టం లేదు. ఆయాసాన్ని తగ్గించే చికిత్స, వ్యాయామం, ఆక్సిజన్ వాడకం గురించి అప్పుడే మాట్లాడుకోవచ్చు.

ఇక అవయవదానం. జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోవడం మంచిదే. అంతకన్నా ముఖ్యం ఆ మాట ఇంట్లో చెప్పడం. ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్న తల్లిదండ్రులకు ఆలోచించే శక్తి ఉండదు. ‘వాడైతే ఏమనేవాడు?’ అన్న ప్రశ్నకు జవాబు ముందే తెలిసుంటే ఆ సంతకం కాస్త తేలికవుతుంది. శరీరం వికారంగా మారదు, కుట్లు వేసి గౌరవంగా అప్పగిస్తారు. ఒప్పుకున్న తర్వాత అవయవాల కోసం అయ్యే ఖర్చు దాత కుటుంబం మీద పడదు. ప్రమాదం కేసుల్లో పోస్టుమార్టం ఆలస్యమవుతుందన్న భయమూ తగ్గింది, అవయవదాతలకు రాత్రిపూట కూడా పోస్టుమార్టం చేయడానికి 2021 నవంబరులో కేంద్రం అనుమతిచ్చింది.

అన్నట్టు... ఈ వ్యాసం చదివి అవయవదాత కావాలనుకునే కుర్రకారు ముందుగా చేయాల్సిన పని ఒకటుంది. బండి తీసే ముందు పెట్రోలు ట్యాంకు మీది హెల్మెట్ తీసి తలకు పెట్టుకోవడం. ఎవరి ఊపిరి వాళ్ల దగ్గరే నూరేళ్లు ఉండటం కంటే మంచి కబురు ఏ ఇంటికైనా ఏముంటుంది?